ఏదీ పారెయ్యని ఇల్లు

క్లాంగ్ పట్టణంలో ఒక ఆసుపత్రి. ఐసీయూ తలుపు బయట బెంచీ మీద ఇద్దరు: బంటింగ్ ఊరి నుంచి వచ్చిన థెరిసా, షా ఆలంలో ఆఫీసు ఉద్యోగం చేసే ఆమె కొడుకు రేమండ్. కూతురు ఫెలీషియా లోపల తండ్రి మంచం దగ్గర ఉంది.

“మళ్ళీ సెప్పమ్మా.”

“ఎన్నిమార్లు సెప్పమంటావురా రేమండూ? పోలీసోడికి సెప్పినాను, డాక్టరమ్మకి సెప్పినాను. నానే పెట్టినాను.”

“ఫ్రిజ్‌లో.”

“ఫ్రిజ్‌లోనే.”

“సబ్బులో కలిపే కాస్టిక్ సోడా నీళ్ళు. మంచినీళ్ళ బాటిల్లో పోసి, మంచినీళ్ళ పక్కనే పెట్టినావు.”

“పొరపాటున పెట్టినాను. వయసైపోనాది. కళ్ళు ఆనడం లేదు.”

“కళ్ళు ఆనకపోతే సూదిలో దారం ఎలగ ఎక్కిస్తన్నావు? మొన్న చర్చి సేల్‌కి కాళ్ళు తుడుసుకునే పట్టాలు కట్టలు కట్టలు కుట్టినావు కదా!”

“అది వేరు, ఇది వేరు.”

“ఏటి వేరు? నాన్న రాతిరి డ్యూటీ దిగి ఇంటికొచ్చినాడు. దాహమేసి ఫ్రిజ్ తెరిసినాడు. నిలబడే గటగటా తాగినాడు. గొంతు కాలిపోనాది, కడుపు కాలిపోనాది. నువ్వేమో అది వేరు, ఇది వేరు అంటన్నావు.”

“నన్ను తిట్టరా. తిట్టు. తప్పు నాదే.”

“తిట్టకేటి సేస్తాను? పారెయ్యమ్మా, పారెయ్యమ్మా అని ఎన్నేళ్ళుగా మొత్తుకుంటన్నాను! హోటల్లో తపావ్ కట్టించుకొచ్చిన తిండి డబ్బాలు పారెయ్యవు. మైలో టిన్నులు పారెయ్యవు. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు సెట్టుకి. పళ్ళ తొక్కలు బెల్లం ఏసి ఊరబెట్టి గచ్చు కడగడానికి. కాగిన నూనె సబ్బుకి. అది సాలదన్నట్టు పక్కింటోళ్ళ కాగిన నూనె కూడా అడుక్కొచ్చుకోడం.”

“అడుక్కోలేదురా. కాలవలో పోసేస్తా ఉంటే నాకివ్వండి అన్నాను. కాలవ పూడిపోతే వానకి మన వంటింట్లోకే కదా నీళ్ళొచ్చేది.”

“క్రిస్మస్ రోజు ఆ తొక్కల బాటిల్ పేలిపోతే ఏంజెలా జడుసుకుని పోయి కారులో కూకున్నాది. మా పెళ్ళయి మొదటి పండగ దానికి!”

“మూత వదులు సెయ్యడం మరిసిపోయినాను ఆ పూట.”

“సూడు! మరిసిపోయినావు!”

“మీ నాన్న ఎంత నవ్వినాడో. మీ అమ్మ టపాకాయలు కొనదురా, ఇంట్లోనే సేసుకుంటాది అన్నాడు.”

“ఇప్పుడు నవ్వమను.”

“అలగ అనకురా.”

“ఎలగ అనమంటావు? మన ఇంటంత పీనాసి ఇల్లు ఊళ్ళో ఇంకోటి లేదు. నా స్కూలు చొక్కా దిండు గలీబు అయింది. దిండు గలీబు మసిగుడ్డ అయింది. మసిగుడ్డ పట్టా అయింది. కాలేజీకి పోతా ఉంటే నాన్న పాత పేంటు కోసి సంచీ కుట్టినావు. దాన్ని బస్టాండులో పారేసి పోయినాను, తెలుసా నీకు?”

“తెలుసు.”

“తెలుసా?”

“మనూరి లోగన్ సూసి తెచ్చిచ్చినాడు. ఉల్లిపాయలు ఏస్తన్నాను అందులో.”

“…అయ్యో దేవుడా.”

“ఎస్టేట్ కూలీల లైను ఇంట్లో పుట్టినదాన్ని నాయనా. కిరసనాయిలు టిన్నే మాకు బక్కెట్టు, తిరగేస్తే అదే పీట. పారెయ్యడం మాకు ఎవరు నేర్పినారు? సరి, ఇంక వదిలెయ్. నన్ను ఒక్కసారి లోపలికి పోనీ. పిలవాల్సినోళ్ళని పిలుసుకోండి అన్నాది డాక్టరమ్మ. ఒక్కసారి మొకం సూసొస్తాను.”

“పాస్ ఒక్కటే ఉంది. ఫెలీ దగ్గరుంది.”

“అది వచ్చినాక నాను పోతాను.”

“పోవు.”

“రేమండూ…”

“పోవు అన్నాను కదా. ఏ మొకం పెట్టుకుని పోతావు? కళ్ళు తెరిసి నిన్ను సూస్తే నాన్నకి ఎలగుంటాది?”

“మీ నాన్న నన్నేటీ అనడు.”

“అనడానికి గొంతేది?”

“ప్రభువా… ప్రభువా…”

“ఏడవకు. ముందు నాకు అర్థమయ్యేలాగ సెప్పు. సెప్తే పోనిస్తాను. ఎప్పుడు పెట్టినావు?”

“సోమారం.”

“సోమారం ఎప్పుడు?”

“సాయంత్రం. సబ్బు కలుపుదామని బాటిల్ తీసినాను. ఫోనొచ్చింది. సేతిలో ఉన్నది ఫ్రిజ్‌లో పెట్టీసి ఫోను తీసినాను.”

“ఎవరి ఫోను?”

“గుర్తులేదు.”

“సోమారం సాయంత్రం ఫోను సేసింది నేను. అత్తోళ్ళ ఇంట్లో ప్రార్థనలో ఉన్నాను, తరవాత సేస్తాను అన్నావు. ఇంట్లోనే లేవు నువ్వు!”

“అయితే ఇంటికొచ్చినాక పెట్టినానేమో.”

“పెట్టినానేమో?”

“లేకపోతే మంగళారం పొద్దున్న.”

“మంగళారం పొద్దున్నే కదమ్మా నాన్న తాగినాడు!”

“అంతకుముందే లేసినాను.”

“నువ్వు లేసేసరికి నాన్న వంటింట్లో పడిపోయి ఉన్నాడని పోలీసుకి నువ్వే సెప్పినావు. ఎందుకమ్మా అబద్ధాలాడతన్నావు?”

“కడుపు సించుకుంటే కాళ్ళమీదే పడతాది రేమండూ. వదిలెయ్.”

“ఎవరి కడుపు? ఏటి దాస్తన్నావు? ఎవర్ని కాపాడతన్నావు నువ్వు?”

“ఎవర్నీ లేదు. అదిగో ఫెలీ వచ్చేసింది.”

“అన్నా, నీ అరుపులు లోపలికి ఇనిపిస్తన్నాయి. నర్సు కోప్పడతాంది. అమ్మా, నువ్వు లోపలికి పో. నాన్న కళ్ళు తెరిసినాడు. నీకోసమే ఎతుకుతన్నాడు.”

“ఫెలీ, పాస్ నాకియ్యి.”

“అమ్మకిస్తాను అన్నా.”

“నాకియ్యి అన్నానా! అమ్మ ఎక్కడికీ పోదు. నువ్వు కూడా పోవద్దు. నా ముందర నిలబడు. ఆ బాటిల్ ఫ్రిజ్‌లో పెట్టింది నువ్వా?”

“నేనా?”

“ఆ ఇంట్లో ఉన్నది మీరు ముగ్గురు. నాన్న తాగినాడు. అమ్మ సెప్పేదంతా అబద్ధం. ఇంక మిగిలింది ఎవరు?”

“అమ్మా! ఏటంటన్నాడో ఇన్నావా?”

“దాన్ని అనకురా రేమండూ. పాపం, దానికేటీ తెలీదు. నానే.”

“నువ్వుండమ్మా. ఫెలీ, సెప్పు. ఫేక్టరీ నించి అలిసిపోయొచ్చి, ఏదో పరధ్యానంగా పెట్టేసినావు. అంతే కదా? సెప్పవే, నేనేటీ అనను.”

“నన్ను సెప్పమనకు అన్నా.”

“అంటే నీకు తెలుసు.”

“నువ్వు ఇంటికి పో. స్నానం సేసి రా. పొద్దుట్నించి ఏటీ తినలేదు నువ్వు.”

“నీకు తెలుసు! ఇద్దరికీ తెలుసు. నాకే తెలీదు. నేనేటి, పరాయోణ్ణా? శనివారం ఏంజెలా అమ్మానాన్నల్ని మన ఇంటికి భోజనానికి తీసుకొస్తానన్నాను. అప్పటికైనా మనుషులుండే ఇల్లులాగ కనబడాలని ఆదివారం అంతా నడుం ఇరగ్గొట్టుకుని వంటిల్లు సదిరినాను. కారు నిండా సెత్త మోసినాను. రెండు రోజులు తిరక్కుండా అందులో విషం తెచ్చిపెట్టినారు మీరు!”

“ఆదివారం మాట ఇప్పుడెందుకురా?”

“ఎందుకొద్దు?”

“వద్దు. అంతే. కిందకి పోదాం రా నాయనా, కోపి తాగొద్దాం. మొకం పీక్కుపోనాది నీకు.”

“ఇంతసేపూ లోపలికి పోతాను, లోపలికి పోతాను అన్నావు. నాన్న నీకోసం ఎతుకుతన్నాడని ఫెలీ సెప్తా ఉంటే ఇప్పుడు కోపి అంటన్నావా?”

“తరవాత పోతాను.”

“తరవాత అంటే ఎప్పుడమ్మా? తరవాత ఉంటాడా నాన్న?”

“అన్నా, అమ్మని ఏడిపించకు. సాలు. ఆపు.”

“ఆపను. నీ వల్లా, అమ్మ వల్లా నాన్న పోతన్నాడు. అన్నీ ఒకే రకం బాటిళ్ళు. ఒకదాంట్లో నీళ్ళు, ఒకదాంట్లో విషం. ఏది ఏదో నాన్నకి ఎలగ తెలస్తాది? కుక్క కూడా వాసన సూసి తాగుతాది, దీనికి వాసన కూడా లేదు. ఇలగ పెట్టుకునే ఇల్లు ఎక్కడైనా ఉంటాదా?”

“నాన్నకి తెలుసు.”

“ఏటి తెలుసు?”

“ఏది తాగాలో, ఏది తాగకూడదో నాన్నకి బాగా తెలుసు అన్నా.”

“ఫెలీ, నోరు ముయ్యే. అన్నకేటీ సెప్పకు.”

“తెలిస్తే ఎందుకు తాగినాడు?”

“తెలుసు కాబట్టే తాగినాడు. గుడ్డ లేదు కాబట్టి తాగినాడు!”

“ఏ గుడ్డ?”

“ఫెలీ, ప్రభువు తోడు, నోరు ముయ్యమంటన్నాను.”

“ఎంతసేపు ముయ్యాలమ్మా? నిన్ను హంతకురాల్ని సేసి కూకోబెట్టినాడు. నన్ను కూడా సేస్తన్నాడు.”

“ఏ గుడ్డ, ఫెలీ?”

“తాగకూడని దేనికైనా అమ్మ బాటిల్ మెడకి ఎర్రగుడ్డ కడతాది. అమ్మమ్మ ఎస్టేట్లో గడ్డిమందు కొట్టే పని సేసేది కదా, అక్కడి పద్ధతి అది. సదువు రానోళ్ళకి గుడ్డే సదువు అనేదంట. నువ్వు షా ఆలం పోయినాకనే అమ్మ సబ్బు పని మొదలెట్టినాది. అప్పట్నించి ఇంట్లో ఇదే లెక్క. నాన్న సీకట్లో కూడా మెడ తడిమి సూసుకుంటాడు. గుడ్డ తగిలితే అక్కడే పెట్టేస్తాడు.”

“ఎర్రగుడ్డ.”

“ఊఁ.”

“పాత జాకెట్టు పీలిక. రెండు ముళ్ళేసి.”

“రేమండూ, నా మాట ఇను…”

“ఎనకాల తొట్టి దగ్గర బాటిళ్ళకి ఉండేవి. ఫినాయిలుకి ఉంది. ఇంకోదానికి కూడా…”

“రేమండూ!”

“నేను సెత్త అనుకున్నానమ్మా. నువ్వు ఏ గుడ్డ ముక్కా పారెయ్యవు కదా, దేనికో దానికి కట్టి దాసుకున్నావు అనుకున్నాను. కత్తెర అట్టుకుని అన్నీ కోసేసినాను. బాటిళ్ళు సుబ్బరంగా తుడిసినాను. ఖాళీవి సంచిలో ఏసినాను. నీళ్ళున్నవి ఫ్రిజ్‌లో… వరసగా…”

“కాదు.”

“సల్లగా ఉంటాయని…”

“కాదు నాయనా. నువ్వు పెట్టింది వేరే బాటిల్. దీన్ని నానే పెట్టినాను.”

“అమ్మ సోమారం ఆ బాటిల్ కోసం ఇల్లంతా ఎతికింది అన్నా. నువ్వు పారేసినావు అనుకుంది. పోన్లే, పిల్లోడు కష్టపడి సదిరినాడు, ఏటీ అనొద్దు అన్నాది నాతో.”

“ఫెలీ, ఇంక ఒక్క మాట మాటాడితే నీ మొకం సూడను. పో, అవతల కూకో!”

“దాన్ని అనకమ్మా. నేను కదా… నేను పోతాను. పోలీసుకి సెప్తాను.”

“సెప్పవు.”

“సెప్తాను.”

“సెప్పవు. కూకో. నా సెయ్యి అట్టుకో. నానే పెట్టినానని సంతకం కూడా సేసేసినాను. ముసిల్దాన్ని, కళ్ళు ఆననిదాన్ని. నన్నేటి సేస్తారురా? ఏటీ సెయ్యరు.”

“నిన్ను లోపలికి పోనివ్వలేదు నేను. అన్ని మాటలు అన్నాను. ఎందుకు పడినావమ్మా? ఒక్క మాట, ఒక్క మాట అంటే సరిపోను కదా… ఎందుకు సెప్పలేదు?”

“పక్కింటాయన కారులో తీసుకొస్తా ఉంటే మీ నాన్న నా ఒళ్ళో పడుకున్నాడు. నోట్లోంచి నెత్తురు. ఆ నోటితోనే అన్నాడురా, ఆకరి మాట అదే: ‘నువ్వే పెట్టినావని సెప్పు థెరిసా, పిల్లోడికి తెలీనీకు.’”