పొలిమేర రాయి కాడ గింజలేని నిమ్మ

ముందు చూసింది చెప్పండి, నీళ్ళు తర్వాత తాగుదురుగాని. కుండ ఎక్కడికీ పోదు. ఏమయ్యా మస్తానూ, నువ్వు చెప్పు, ఆ మొండిబావి కాడ ఏం చూశావు? అనుకున్నది కాదు, భయపడింది కాదు, కళ్ళతో చూసింది చెప్పు. నిమ్మచెట్టు. సరే. కాయలున్నాయా? ఈ రోహిణి కార్తె ఎండలో మన తోటల్లో చెట్టుకు నాలుగు కాయలు లేకపోతే దానికి మాత్రం గుత్తులు గుత్తులుగా ఉన్నాయి, అవునా? కోశారా? కోయలా. నిజమేనా? అమ్మాయ్ సుజాతా, ఏదీ నీ కొంగుముడి విప్పు. వక్కాకేనా? సంతోషం. కూర్చోండి అందరూ.

ఈ నేరేడు కండ్రిగలో పుట్టినవాడెవడూ ఆ బావి వైపు గొడ్డును కూడా తోలడు. మీరు పొరుగూరి నుంచి కాయకోతకు వచ్చినవాళ్ళు, మీకు తెలీదు. తప్పు మీది కాదు, చెప్పని మాది. ఈ ఊళ్ళో చెప్పకుండా దాచిపెట్టడం పెద్ద మర్యాద అనుకుంటారు, ఆ మర్యాదకు నిప్పు పెట్ట. నేను చెబుతా వినండి.

పడమటి గట్టు మీద తోట చూశారు గదా, చెంగమ్మ తోట. పదేళ్ళ కిందట అక్కడ అరవై చెట్లుండేవి. అంతకుముందు అక్కడ రాళ్ళు తప్ప ఏమీ లేవు. మొగుడు పోయాక ఆమె ఒక్కతే ఆ రాళ్ళేరి, గుంతలు తీసి, వాగులోంచి బిందెతో నీళ్ళు మోసి, ఆరేళ్ళు మోసి ఆ అరవై చెట్లనీ బతికించింది. ఎవరన్నా "పాపం చెంగమ్మ" అంటే ఆమెకు ఒళ్ళు మండేది, పాపం అనే నోటికి చేతుల్లేవా, ఒక బిందె అందుకోవచ్చుగా అనేది. తప్పేముంది ఆ మాటలో? అంటు కట్టడంలో కూడా ఈ చుట్టుపక్కల ఆమెను మించినవాళ్ళు లేరు. జంబేరి అనే మొండిజాతి నిమ్మమొక్క తోలు గీరి, మంచి చెట్టు కొమ్మ మీది కన్ను తెచ్చి అందులో దూర్చి పట్టీ చుట్టిందంటే, అది అతకకపోవడమనేది లేదు.

అట్లాంటి తోటకు ఎండు తెగులు పట్టింది. కొమ్మ చివర్న మొదలై కిందికి దిగుతా వచ్చింది. ఆమె ఎండిన కొమ్మలు నరికింది, మైలుతుత్తం సున్నం కలిపి పూసింది, ఎవరేది చెబితే అది చేసింది, అయినా ఏడాది తిరిగేసరికి అరవైలో నలభై చెట్లు కట్టెలైపోయినాయి. మరి ఏం చేస్తుంది? ఆ నలభై గుంతల్లో మళ్ళీ జంబేరి మొక్కలు పెట్టింది. వాటికి అంటు కట్టాలంటే రోగం లేని చెట్టు కన్ను కావాలి. ఊళ్ళో ఏ తోటలో చూసినా అదే తెగులు. తెగులు తాకని నిమ్మచెట్టు ఈ చుట్టుపక్కల ఒక్కటే ఉంది, అది ఎక్కడుందో మీరు ఇవాళ చూసొచ్చారు.

చెల్లెలు రవణమ్మ వద్దక్కా అని కాళ్ళావేళ్ళా పడింది. చెంగమ్మ నవ్వి, "నేను నీళ్ళు మోసేటప్పుడు ఏ దెయ్యమూ వచ్చి బిందె ఎత్తలేదులేవే, ఇప్పుడొచ్చి నన్నేం చేస్తుంది" అని చెప్పి అంటుకత్తి తీసుకుని మిట్టమధ్యాహ్నం పూట పోయింది.

పోయి, వెంటనే కోయలా. పని తెలిసిన మనిషి గదా, ముందు చెట్టు చుట్టూ తిరిగి చూసింది. ఆకు నలిపితే నిమ్మవాసన రావాలి, రాలా. ఏ నిమ్మకైనా సీతాకోక పురుగు ఉంటుంది, చీమ ఉంటుంది, దీని మీద ఒక్క పురుగు లేదు, పిట్ట వాలిన రెట్ట కూడా లేదు. ముళ్ళు చూసింది. చెట్టు మొదట్లోనే పొలిమేర రాయి ఉంది, ఆ రాయికి అవతలి వైపు కొమ్మలకు ఒక్క ముల్లు లేదు, చెయ్యేసి నిమిరితే నున్నగా ఉన్నాయి. ఊరివైపు తిరిగిన కొమ్మలకు మాత్రం అంగుళం పొడవు ముళ్ళు, దబ్బనాల్లాగా. కాయ ఒకటి కోసి చూసింది. లోపల గింజ లేదు. ఇంకొకటి కోసింది, అందులోనూ లేదు. ఆమె అక్కడే కూర్చుని ఆలోచించింది, గింజ లేని చెట్టయితే ఎవరో పనిగట్టుకుని అంటు తెచ్చి నాటుండాలి, కానీ ఊరి చివర, నీళ్ళు లేని బావి పక్కన, రాయి మొదట్లో ఎవరు నాటుతారు, ఎందుకు నాటుతారు?

అప్పుడు కన్ను కోసం పుల్ల కోసింది. కోస్తే లోపల పచ్చి లేదు. బెండులాగా ఎండిపోయి ఉంది. పైన ఆకేమో పచ్చగా నిగనిగలాడుతోంది. అట్లాంటి పుల్లలో కన్ను అతకదని ఆమెకు తెలీదా? తెలుసు. మరెందుకు తెచ్చింది? నలభై గుంతలు కళ్ళముందు మెదులుతుంటే ఏం చేస్తుందయ్యా, మీరైతే ఏం చేసేవాళ్ళు? రెండో పుల్ల కోసేటప్పుడు వెనక ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు వినపడింది. బుస కాదు, ఏడుపు కాదు. మనల్ని ఎవరన్నా పిలిస్తే "ఆ" అని పలకబోయే ముందు ఒక ఊపిరి తీసుకుంటాం చూడండి, ఆ ఊపిరి. ఆమె తిరిగి చూస్తే ఎవరూ లేరు. పలుకు కూడా రాలా.

తెచ్చిన కళ్ళతో నలభై మొక్కలకీ అంటు కట్టింది. ఇరవై ఒక్క రోజులకు పట్టీలు విప్పి చూస్తే నలభైకి నలభై అతికినాయి, కళ్ళు పచ్చగా తెరుచుకుని ఉన్నాయి. ఆ సంబరంలో ఊళ్ళోకొచ్చి ఎదురింటి పాలామెకు చెప్పబోయింది. ఆ పాలామె, పద్దెనిమిదేళ్ళు ఎదురింట్లో ఉన్న మనిషి, "చెప్పు, ఆ... ఏందబ్బా నీ పేరు, నాలిక మీదే ఉంది" అంది. చెంగమ్మ నవ్వి, "నాలిక మీద పాలు పోసుకో, జారి కిందపడుద్దేమో" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

మూడోరోజు డ్వాక్రా సంఘం మీటింగయింది. లీడరు అందరి పేర్లూ వరసగా పిలిచింది, చెంగమ్మను పిలవలా. నేనిక్కడే ఉన్నా గదమ్మా అంటే లీడరు తలెత్తి చూసి, ఈమె ఎవరి తాలూకు అని పక్కామెను అడిగింది. పక్కామె ఏమో అంది. నవ్వలా ఎవరూ. ఎగతాళి అయితే ఎవరో ఒకరు నవ్వుతారు గదా? పన్నెండేళ్ళు వాళ్ళ పక్కన చాప మీద కూర్చున్న మనిషిని పట్టుకుని, దారి తప్పి వచ్చినదాన్ని చూసినట్టు చూశారు. ఆ సాయంత్రం రవణమ్మ గడప కాడికొచ్చి నిలబడి లోపలికి రాకుండా ఏడుస్తా, "అక్కా, ఇంటికాడ నుంచి నీ పేరు తలుచుకుంటా వస్తున్నా, నా నోటికి రావడంలా" అంది. ఒక తల్లి కడుపున పుట్టిన చెల్లెలు. పేరు పోతే ముందు పేరొకటే పోతుంది, తర్వాత ఆ మనిషి ఎవరన్నది కూడా గుర్తు పోతుంది, ఆ తర్వాత తలుపు తీసేవాళ్ళు ఉండరు. అది చెంగమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

అందుకని ఆమె ఊళ్ళో అందరికన్నా పెద్దవాడు బుజ్జయ్య తాత దగ్గరికి పోయింది. ఒకప్పుడు ఊరికి దండోరా వేసినవాడు, అప్పటికి తొంభై దాటినవాడు. ఆయన ఎవరి కోడలివమ్మా అని అడిగాడు. ఎవరి కోడలినైతే ఏం తాతా, ఆ మొండిబావి కాడ నిమ్మ ఎవరు నాటారో చెప్పు అని ఈమె అడిగింది. ఆయన చాలాసేపు చుట్ట ముట్టించడంలోనే పడ్డాడు. ఆమె లేవలా. చివరికి చెప్పాడు.

ఆయన చిన్నతనంలో ఊరికి కలరా తగిలింది. అప్పట్లో రోగం వస్తే ఊరు కట్టేవాళ్ళు. కట్టడమంటే ఏంటి? ఒక నిమ్మకాయకు పసుపు కుంకుమ పెట్టి, ఇల్లిల్లూ దిష్టి తీసి, ఊరి రోగమంతా అందులోకి దించి, ఒక మనిషి చేతికిచ్చి పొలిమేర రాయి దాటిస్తారు. ఆ మనిషి అక్కడే కూర్చోవాలి. మూడు రోజుల్లో ఊళ్ళో చావు లేకపోతే, పెద్దలు రాయి కాడికి పోయి ఆ మనిషిని పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. కాయను అక్కడే పాతిపెట్టి, పసుపునీళ్ళు పోసుకుని ఆ మనిషి లోపలికి రావాలి. పిలవకుండా రాకూడదు. వస్తే రోగం కూడా వస్తుంది. అదీ కట్టు.

ఆ ఏడు కాయ మోయడానికి ఊరివాళ్ళెవరూ ముందుకు రాలా. కూలికొచ్చిన ఒకామె ఉంది, మొగుడు అదే రోగంతో పోయిన నాలుగోరోజు. ఆమె చేతిలో పెట్టారు కాయ. కాదనడానికి ఆమె వెనక ఎవరున్నారు? పోయి కూర్చుంది. మూడు రోజులు చావు లేదు. పెద్దలు బయల్దేరి రాయి కాడికి పోయారు. పోయాక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె పేరు ఎవరికీ తెలీదు. నాట్లకు పిలిచినప్పుడు ఏమే అన్నారు, కలుపుకు పిలిచినప్పుడు ఒసే అన్నారు. పేరు ఎవడు అడిగాడు?

అయితే నువ్వే చెప్పు నీ పేరు అని అడగలేదా తాతా అంటే, అడిగితే కట్టు తెగుద్దన్నారమ్మా, లోపలివాళ్ళే పిలవాలన్నారు, వాదులాడుకున్నారు, రేపు చూద్దామని ఇంటికొచ్చారు అన్నాడు. రేపు, మళ్ళీ రేపు. ఎండాకాలం. బావిలో చుక్క లేదు. రాయికి ఇవతల కుండలో నీళ్ళున్నాయి, కనపడే దూరంలో ఉన్నాయి. ఎవరి అడుగు చప్పుడు వినపడినా ఆమె పలకడానికి నోరు తెరిచేదంట. ఏడోరోజు తెరవలా. కాయ పిడికిట్లోనే ఉంది, వేళ్ళు విడదీయలేక అట్లాగే పూడ్చారు. చూశారా మన పెద్దల తెలివి? మనిషి ప్రాణం కన్నా కట్టు ముఖ్యం! కట్టు తెగలేదు నాయనా, బ్రహ్మాండంగా నిలబడింది, చెట్టై నిలబడింది.

చెంగమ్మ లేచొచ్చింది, పేరు లేక బయటే ఉండిపోయిన ఆ మనిషే తన పేరు లాక్కుంటోందని తెలిసి. ఆమె పేరు దొరికితే పిలిచి ఆ కట్టు విడిపించొచ్చు, కానీ అది ఈ భూమ్మీద ఎవరి దగ్గరా లేదు. పొరుగూళ్ళు తిరిగింది, ముసలివాళ్ళందరినీ అడిగింది, లేదు. అంట్లు పీకేస్తే తన పేరు తిరిగొస్తుందేమోనని ఒక మొక్క పీకి చూసింది. మర్నాడు రవణమ్మ ఆమెను చూసి, ఎవరమ్మా మీరు అని మర్యాదగా అడిగింది. ఇక పీకలా. ఆ పొద్దు గూట్లోకి దిగే వేళ రవణమ్మ చెయ్యి పట్టుకుని, నేనెవరో తెలియకపోయినా పర్లేదు, ఒక్క ఘడియ నాతో రా, అని లాక్కుపోయింది. చూసింది చూసినట్టు నాకు చెప్పింది ఆ రవణమ్మే.

రవణమ్మ వెనక గట్టు మీద నిలబడింది. చెంగమ్మ రాయికి ఇవతల నిలబడి, చెట్టు వైపు చూసి, "నీ పేరు మావాళ్ళు అడగలేదు. నా దగ్గర ఒక పేరుంది, నేను తప్ప దాన్ని పలికేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. తీసుకో" అంది. అని, "చెంగమ్మా, రా" అని పిలిచింది. ఏమీ లేదు. "చెంగమ్మా, రా" అంది. గాలి లేదు, ముళ్ళున్న కొమ్మలు మాత్రం కదిలాయి. మూడోసారి పిలిచింది. ఊపిరి పీల్చిన చప్పుడు గట్టు మీద ఉన్న రవణమ్మకు కూడా వినపడింది, ఆ వెంటనే "ఆ" అని పలుకు. రవణమ్మ కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి రాయి కాడ నుంచి ఒక మనిషి ఊరివైపు నడిచొస్తోంది. ఒక్కటే మనిషి. చూడగానే రవణమ్మ నోటికి పేరొచ్చేసింది, "చెంగమ్మక్కా!" అని అరిచి వాటేసుకుంది. ఊరంతటికీ వచ్చేసింది పేరు. పాలామె వీధి చివర నుంచే పిలిచింది.

ఇంటికొచ్చాక ఆ మనిషి దించకుండా బిందెడు నీళ్ళు తాగిందంట. ఇప్పటికీ ఎవరు పిలిచినా, ఎంత దూరాన్నించి పిలిచినా, ఒక్క పిలుపుకే పలుకుతుంది. అంటు కట్టమంటే మాత్రం చేతకాదు, మర్చిపోయాను అంటుంది. తోట పచ్చగా ఉంది. మొండిబావి కాడ చెట్టు కూడా అట్లాగే పచ్చగా ఉంది, ఆ పక్కగా పోయినవాళ్ళకు ఆ ఊపిరి చప్పుడు ఇప్పటికీ వినపడుతుంది.

అందుకే చెబుతున్నా, అటు పోకండి. నీడ కోసం పోకండి, కాయ కోసం అసలే పోకండి. నిమ్మకాయ లేకపోతే పప్పులో చింతపండు వేసుకోండి, ఎవరూ చచ్చిపోరు. రేపు పడమటి గట్టు తోటలో కోతకు పోతారు గదా, ఆమె మీకు మజ్జిగ పోస్తుంది, మంచి మనిషి, తాగి రండి. కానీ ఒక్కటి నాకు చెప్పండి, ఆ సాయంత్రం ఊళ్ళోకి నడిచొచ్చింది ఎవరు?