అడ్డకర్ర ముడి

అల్లుడు పాపని నా విండ్‌సర్ఫింగ్ క్లాసులో, అదే ఈ తెరచాప పలక మీద నిలబడి నడపడం నేర్పే దాన్లో, చేర్పించాడు, నువ్వొచ్చి పాప పేరు కొట్టెయ్యమంటున్నావు. సరేనమ్మా, కాదన్నానా? ఈ తెరచాప బిగించేదాకా ఆ బెంచీ మీద కూర్చో. నాన్ననేగా, పరాయివాణ్ణి కాదుగా.

అవతల పిల్లలు సరస్సు ఒడ్డున కాచుక్కూర్చున్నారు. కొత్తవాళ్ళకి చిన్న తెరచాపలే ఇస్తాను. ముందు కింది తాడు లాగాలి, గుడ్డలో ముడతలు పోయేదాకా. వెనక తాడు మాత్రం కొంచెమే. ఇక చేత్తో పట్టుకునే ఈ అడ్డకర్ర, పిల్లల భుజం ఎత్తులో ఉండాలి. ఇప్పుడంటే దీనికి బిగింపు వచ్చింది, నొక్కితే చాలు. మన రోజుల్లో తాడుతో కట్టేవాళ్ళం కదూ.

అలా మొహం తిప్పుకోకు. అరవనులే.

నిన్న పాప ఒక మాటంది. "తాతయ్యా, మా అమ్మకి ముడెయ్యడం రాదు. నా బూట్ల లేసులు కూడా నాన్నే కడతాడు" అని. నవ్వుతూనే అంది.

నీకా ముడెయ్యడం రానిది? తొమ్మిదేళ్ళకే కళ్ళు మూసుకుని కట్టేదానివి.

ఆ రోజు నువ్వు నడుపుతుంటే నీ తెరచాప అడ్డకర్ర ఊడి, పక్కన మోకాల్లోతు నీళ్ళలో ఆడుకుంటున్న చెల్లి మొహానికి తగిలింది. కన్ను పోయింది. ఆస్పత్రి వరండాలో మీ అమ్మ "ఎవరు కట్టారు?" అంది. నేను నీవైపు చూశాను. నోటితో ఏమీ అనలేదు, చూశానంతే. పదకొండేళ్ళ పిల్లవి, "నేనే కట్టానమ్మా" అన్నావు.

నువ్వు కట్టావు, నిజమే. సరిగ్గానే కట్టావు. నువ్వు లైఫ్ జాకెట్ తొడుక్కుంటుంటే, ఎత్తు చాలదని నీ ముడి విప్పి మళ్ళీ కట్టింది నేను. మధ్యలో ఎవరో పిలిస్తే, సగం ముడితో వదిలేసి వెళ్ళాను. నువ్వు చూడలేదు.

కూర్చో తల్లీ, వెళ్ళకు. అయిపోవచ్చింది.

మీ అమ్మకి, తను పోయేదాకా ఈ మాట చెప్పనేలేదు. చెల్లి తన పెళ్ళినాడు నిన్ను పట్టుకుని "నీ మీద నాకేం కోపం లేదక్కా" అని ఏడ్చింది చూడు, అప్పుడు నేను మీ పక్కనే ఉన్నాను. అప్పుడూ చెప్పలేదు. అక్కచెల్లెళ్ళు కలిసిపోయారు, ఇప్పుడెందుకులే కదపడం అనుకున్నాను.

నీ సంగతంటావా? ఇన్నేళ్ళయింది, నీకు అలవాటైపోయుంటుందిలే అనుకున్నానమ్మా.