అక్క గుంటలో ఉప్పు

కిథిరా దీవిలో ఒక తీరానికి మేకల బాట ఒక్కటే దారి. అక్కడి రాతి గుంటల్లో సముద్రపు నీరు ఎండి ఉప్పు పేరుకుంటుంది. ఇంటికో గుంట. మొగుడు ఒక గుంటలోని ఉప్పుతో సంచీ నింపేసరికి వెనకే పెళ్ళాం దిగింది.

"అది మీ అక్క గుంట కదయ్యా!"

"మనతో మాటలు మానేసిన మనిషితో మర్యాదేంటి? గొడవైనప్పట్నుంచీ మనం ఇటు రాలేదు. మన గుంటలో నాచు తప్ప ఏముంటుంది?"

"వెళ్ళి చూశావా?"

"చూడ్డమెందుకు?"

"ఇలా రా."

వాళ్ళ గుంట శుభ్రంగా తోమి ఉంది. ఉప్పు కుప్పగా పోసి, పైన గుడ్డ కప్పి ఉంది.

"ఈ గుడ్డ..."

"మీ అక్క తలగుడ్డే."

గోళ్ళ సందుల్లో ఉప్పు చురుక్కుమంది అతనికి.

"ఈ సంచీ అక్క గుమ్మంలో పెట్టేసి, చెప్పకుండా వచ్చేద్దామే."

"చెప్పకుండా తీసింది చాల్లేదా?"