పొగగొట్టానికి అరచెయ్యి అడ్డం

బోటు మెకానిక్ కోతలు మొదలుపెట్టాడంటే టీకొట్టు బల్ల మీద చోటు దొరకదు. కొట్టు నడిపేది అతని తమ్ముడి భార్య. తమ్ముడు బోటుతో సహా సముద్రంలో కలిసిపోయి ఏడాది దాటింది. ఇంజిన్లోకి చేజేతులా నీళ్ళు ఎక్కించుకున్నాడనీ, ఒట్టి చేతకానివాడనీ రేవంతా అంటుంటే ఆవిడ తలొంచుకుని గ్లాసులు కడుక్కునేది.

"ఇంజిన్ని చల్లబరిచే ఉప్పునీళ్ళు పొగతోపాటు గొట్టంలోంచే బయటికి పోవాలి కదా," అన్నాడు మెకానిక్. "స్టార్టవకపోయినా తిప్పుతూనే ఉన్నావనుకో, తోసెయ్యడానికి పొగ ఉండదు, ఆ నీళ్ళు గొట్టంలో నిండి వెనక్కి ఇంజిన్లోకే వస్తాయి, ఇక నడిసముద్రంలో ఇంజిన్ చచ్చినట్టే. అందుకే ముందు నీళ్ళ కుళాయి కట్టెయ్యాలి. ఓసారి కుళాయి కట్టినా బయటి అలలే గొట్టంలోకి ఎక్కుతున్నాయి. నేనేం చేశాను? బోటు వెనక వేలాడి అరచెయ్యి అడ్డం పెట్టాను."

"ఎంతసేపు పెట్టావేమిటి?" అన్నాడు వలలు అల్లే ముసలాయన.

"పూటంతా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సముద్రానికి పౌరుషం వచ్చింది. మూడు రోజులు తోసింది, నేను మూడు రోజులూ చెయ్యి తియ్యలేదు, అన్నం కూడా ఎడంచేత్తోనే తిన్నాను, నాలుగోరోజు అదే అలిసిపోయి వెనక్కి తగ్గింది. ఎంత తగ్గిందనుకున్నావు, రేవులో మోకాలి లోతు లేదు, జనం గంపలు తెచ్చుకుని చేపలు ఏరుకున్నారు."

ఆ గంపల్లో ఒకటి నాదేనని ముసలాయన అనేసరికి అందరూ పడీపడీ నవ్వారు. ఆవిడకి నవ్వు రాలేదు. కుళాయి అన్న మాట దగ్గరే ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఇంజిన్ మొరాయించిందని ఆ రోజు మొగుడు ఫోన్ చేసింది ఈ అన్నకే; ఇంజిన్లోకి నీళ్ళెక్కాయని రేవులో చెప్పిందీ ఈయనే.

"బావగారూ," అంది. "ఆ రోజు ఆయనకి కుళాయి కట్టమని చెప్పారా?"

మెకానిక్ ఇంకో కోత కొయ్యబోయినవాడల్లా టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"వాడే అడిగాడమ్మా," అన్నాడు. "కుళాయి కట్టనా అన్నయ్యా అని రెండుసార్లు అడిగాడు. నాకే నేర్పుతావురా అని కసిరాను. వదలకుండా తిప్పమన్నాను."

ఆవిడకి ఏడుపు ముంచుకొచ్చింది. ఏడాదిగా తన మనిషి మీద పడ్డ మాటలన్నీ గుర్తొచ్చాయి. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"గట్టిగా చెప్పండి బావగారూ. చివర కూర్చున్నవాళ్ళకి వినబడలేదు."

అతను లేచి నిలబడి మళ్ళీ చెప్పాడు.