ఢిల్లీ దాకా పోయిన డైనమో

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె, ఇరవయ్యో రోజు. బస్సులు బందు, బడి బందు, బొగ్గుబాయి బందు. మా తరిగొప్పులలో బందు కానిది జగపతి నోరొక్కటే. మరునాడు జనగామ రోడ్డు మీద వంటావార్పు. ఈసారి వండిపెట్టే వంతు మాది, రెండు వందల మందికి. సోమక్క ఇల్లిల్లూ తిరిగి బియ్యం జమచేసింది గానీ గుండిగలు మోసే బండి దొరకలేదు. ట్రాక్టర్లన్నీ ర్యాలీలకు పోయినయి. మిగిలింది జగపతి పాత పికప్పు. అది జనగామ దాకా వస్తదా, నడిమిట్ల నిలబడి మా పరువు తీస్తదా అని అడగడానికే సోమక్క తాహెరా చాయ్ హోటల్ కాడికి వచ్చింది. వెంట పోచయ్య తాత, చంద్రితో కలిపి మేం నలుగురం. వస్తదనో రాదనో ఒక్క మాట చాలు. అక్కడ చాయ్ తాగుతున్న జగపతి గ్లాసు పక్కకు పెట్టి కాలు మీద కాలేసుకున్నాడు.

“వస్తదా అంటవేందక్కా? నా బండి డైనమో సంగతి నీకు ఎర్కలేదు. అదే, ఇంజన్ తిరుగుతుంటె బ్యాటరీకి కరెంటు పోసేది. మొన్న మానుకోట నుంచి గంగారం పోతున్న, నడి అడివిల ఎర్రలైటు వెలిగింది. చార్జింగు లేదన్నట్టు. దుకాణాలు బందు, మిస్త్రీ లేడు. వేరేటోడైతే నెత్తి పట్టుకొని ఏడుస్తుండె. నేను బెల్టు వదులు జేసిన, బోల్టులు ఇప్పిన, డైనమోను ఒళ్లె పెట్టుకున్న. లోపటి బొగ్గు బ్రష్షులు అరిగి గోరంత అయినయి. ఏం జేసిన్నో తెలుసా? టార్చిలైటు సెల్లు పలుగగొట్టి, అండ్లున్న బొగ్గుకడ్డీని రాయి మీద అరగదీసి కొత్త బ్రష్షులు జేసిన.”

అంతవరకు నమ్మొచ్చు. అట్లా చేసేవాళ్లున్నారు. పోచయ్య తాత తల కూడా ఊపాడు. ఆ ఊపుడే మా కొంప ముంచింది.

“స్టార్ట్ జేసినంక చార్జింగు ముల్లు ఈ కొసకెల్లి ఆ కొసకు ఉరికి, అద్దం పలుగగొట్టుకొని బయటికొచ్చింది. బ్యాటరీ పాల లెక్క పొంగుతున్నది. గంగారంల కరెంటు లేదంటె పాపమనిపించి రెండు వైర్లు తగిలిచ్చిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పట్టపగలు ఊరంత వెలిగితె, ఎండ చిన్నబోయి మబ్బు చాటుకు పోయింది.”

“మరి బోర్లు నడిచినయా అన్నా?” అని చంద్రి అడిగింది, మొహంలో నవ్వనేదే లేకుండా.

“నలభై బోర్లు ఒక్కపారి పోసినయి. పదేండ్ల కింద ఎండిన బోరు గూడ సిగ్గుపడి పోసింది. గీ ముచ్చట భూపాలపల్లి దాక పాకింది. ఆడ బొగ్గు లేక కరెంటు మిషిన్లు సల్లవడ్డయి గదా, ఇంజినీరు సాబు చేతులు కట్టుకొని వచ్చిండు, జగపతన్నా, జర నీ డైనమో ఇయ్యరాదె అని. నేను సమ్మె తెగగొట్టెటోన్నా? ఒక్కటే షరతు పెట్టిన. నా కరెంటు ఢిల్లీకి మాత్రమే పోవాలె. పోయింది. పెద్ద మంత్రులు కూసున్న కుర్చీలకు షాకు కొట్టింది. అందరు లేసి నిలబడ్డరు. ఇస్తం, తెలంగాణ ఇస్తమని పెన్ను మూత గూడ తీసిండ్రట. సరిగ్గ గప్పుడే బెల్టు జారింది.”

పోచయ్య తాత నాలుక కరుచుకున్నాడు.

“బెల్టు జారకపోతె ఇయ్యాల మనం సమ్మెల ఎందుకుంటుంటిమి తాతా?” అన్నాడు జగపతి.

మా టీచర్లు జీతాల్లేక పస్తులుంటున్నారు. తప్పంతా ఆ బెల్టుదేనని అప్పుడు తేలింది. అక్కడితో ఆపితే జగపతి ఎట్లవుతాడు? రేపు గుండిగలు దించినంక మైకు తనకు పది నిమిషాలు ఇవ్వాలట, ఈ చరిత్ర జనానికి తెలవాలట. అదీ అసలు సంగతి. ఇరవై రోజుల్లో ఒక్క ధర్నాకు రాని మనిషికి మైకు కావాలి.

తాహెరా గ్లాసులు కడుగుతూ తల ఎత్తలేదు. ఆమె మొగుడు అబ్దుల్ బారీ డైనమోలకు వైరు చుట్టే మిస్త్రీ. పదిహేనేండ్లు పక్కన కూర్చొని ఆమె కూడా చుట్టింది.

“భయ్యా, ఢిల్లీ దాక కరెంటు ఇచ్చినోనివి, బండిని హోటల్ ముందల ఆపకుంట గా మిట్ట మీద ఎందుకు పెట్టినవ్? మూతి పల్లానికి, టైరు కింద రాయి.”

అందరం తిరిగి చూశాం. బ్యాటరీ చచ్చిన బండిని ఎవరైనా అట్లనే పెడతారు. రాయి తీస్తే బండి దొర్లుతుంది, దొర్లితే ఇంజన్ అందుకుంటుంది. జగపతి ఖాళీ గ్లాసు ఎత్తి చాయ్ తాగాడు.

సోమక్క మొహం మాడిపోయింది. జమచేసిన బియ్యం ఎట్లా చేరాలి? ఇంకో బండి లేదు. తాహెరానే బండి మూత ఎత్తి చూసి దారి చెప్పింది. డైనమో కాలింది, మళ్లీ చుట్టడానికి తీగ గానీ, కొత్తది గానీ కొందామంటే దుకాణాల్లేవు. అయినా పాత డీజిలు ఇంజన్, ఒకసారి అందుకుంటే బ్యాటరీతో పనిలేదు, పగటిపూట లైట్లతోనూ పనిలేదు. పొద్దున మిట్ట మీంచి దొర్లిస్తే జనగామ చేరుతుంది. కానీ అక్కడ రోడ్డు చదును, ఆపితే మళ్లీ అందుకోదు. వంటయ్యి, జనం తిని, గుండిగలు తిరిగి బండెక్కేదాకా ఇంజన్ నడుస్తూనే ఉండాలి. డ్రైవరు సీటు దిగొద్దు, యాక్సిలేటరు మీంచి కాలు తియ్యొద్దు.

“మరి మైకు?” అన్నాడు జగపతి, ఆయన గొంతేనా అన్నంత మెల్లగా.

సోమక్క కొంగు నడుముకు దోపుకొని లేచింది.

“మైకుకు కరెంటు పోతె పిలుస్తం తియ్.”