అరువు వేలు

పాతపట్నంలో జగన్నాధం ఇల్లు. సాయంత్రం అతని అక్క కూతురు ఝాన్సీలక్ష్మి వచ్చి, వస్తూనే అతని చెయ్యి పట్టుకుంది.

"ఆ చెయ్యి కాదు మావయ్యా, రెండోది."

"రెండూ ఒక్కలాగే ఉంటాయి కదే. జోస్యం సెప్తావేటి?"

"ఉంగరం వేలు సూపించు."

"ముందు కూకో. మీ అత్త టీ పెడతన్నాది."

"ఈ చుక్కలేటి? నల్లగా, వేలి కొసనంతా."

"ముల్లు గుచ్చుకున్నాది. పెరట్లో వంకాయలు కోస్తంటే."

"పక్క వేలికి?"

"దానికీ వంకాయే."

"మావయ్యా, మజ్జాన్నం నాన్న కొట్లో పడిపోయాడు."

"ఏటి? బావా? ఎలగున్నాడు? ఆ సంగతి సెప్పకుండా నా ఏళ్ళు సూస్తావేటే?"

"ఇప్పుడు బాగానే ఉన్నాడు. పప్పు తూస్తంటే సెమటలు పట్టీసి, చేతులు వణికి, బస్తా మీదకి ఒరిగిపోయాడు. అమ్మ పంచదార నీళ్ళు తాగించింది. కళ్ళు తెరిచి, పప్పు తూకం సరిపోయిందా అని అడిగాడు."

"అలగైతే బావే. ఎండదెబ్బయ్యుంటాది."

"ఎండ కాదు. సుగరు బాగా పడిపోయింది. మందెక్కువైతే అలగే అవుతాదంట."

"మతిమరుపుతో రెండుసార్లు మింగీసుంటాడు."

"లేదు. డాక్టరుగారే మందు పెంచారు. నా ఫోన్లోంచి వెళ్ళిన నంబర్లు సూసి."

"ఫోను మాటలు నాకేటి తెలుస్తాయే."

"తెలీకపోడమేటి? నీ ఎదురుగానే కదా పెట్టించాను. పొద్దున్నే నాన్న మిషన్లో రక్తం చుక్క పెడతాడు, ఆ నంబరు నా ఫోన్లోకి వస్తాది, అక్కణ్ణించి శ్రీకాకుళంలో డాక్టరుగారికి వెళ్తాది. మాటిమాటికీ బస్సెక్కి ఆయన గుమ్మంలో కూకోనక్కర్లేదని. ఆయనా నేనూ ఆ చుక్క నాన్నదే అనుకున్నాం."

"మరెవర్దేటి?"

"నువ్వే సెప్పాల. నాన్ననడిగితే గోడకేసి తిరిగి పడుకున్నాడు. అమ్మేమో, పొద్దున్నే మీ మావయ్య వస్తన్నాడు, ఇద్దరూ తలుపు గొళ్ళెం పెట్టుకుంటన్నారు అంది. పేకాట అనుకుందంట."

"మా అక్కకి నామీద ఎప్పుడూ అదే నమ్మకం."

"పేకాట కాదు కదా."

"కాదు."

"మరి?"

"సెప్తాను, మెల్లిగా. మీ అత్తకి ఇనబడితే నాకు అన్నం పెట్టదు. మన ఈదిలో ఎంకటసాయి పెళ్ళికెళ్ళాం కదా. బావ పాకం గారెలు తిన్నాడు. ఒక్కటే అన్నాడు. రెండోది నేనే ఏసాను. మూడోది ఎవులేసారో తెల్దు."

"నాలుగోది?"

"అది పెళ్ళోళ్ళ మర్యాద. తెల్లారకుండానే నాకు ఫోన్ సేసాడు. ఒరే, ఈ పూట మిషనెడితే ఝాన్సీకి తెలిసిపోతాది అన్నాడు. కన్నకూతురంటే భయమేటి బావా అన్నాను. కూతురంటే కాదురా, ఆ ఫోనంటే అన్నాడు. నోట్లో ఏసుకున్నది కడుపులోకి దిగకుండానే దానికి తెలిసిపోతన్నాదంట."

"అందుకని నువ్వు వేలిచ్చావు."

"ఏలే కదే. అడిగితే ప్రాణమిచ్చీవాణ్ణి. అయినా నాకేటి రోగముంది? ఇంత వయసొచ్చినా ఒక సూది పొడిపించుకున్న పాపాన పోలేదు. ఈ మజ్జిన సన్నబడ్డాను కూడాను. సొక్కాలన్నీ వదులైపోనాయి. బజార్లో అందరూ కుర్రోడిలాగున్నావంటన్నారు. ఇలాటి రక్తం బావకెక్కడ దొరుకుతాది?"

"ఒక్క రోజుతో ఆపలేదేం?"

"పెళ్ళిళ్ళ రోజులు. ఒకరిదయ్యాక ఒకరిది. బావ పిలుపులు కాదనడు, నీకు తెల్సు కదా."

"మిషన్లో నంబరెంతొచ్చిందో ఒక్కసారైనా సూసారా ఇద్దరూ?"

"సూడ్డమెందుకు? నా ఏలు నాకు తెల్దా? చుక్క పెట్టడం, అది కుయ్‌మనడం, మూసీసి టీ తాగడం."

"నవ్వకు మావయ్యా. అమ్మ కొట్లో లేకపోతే ఇవాళ ఏటయ్యుండీది?"

"అంత డాక్టరు కనిపెట్టొద్దేటే?"

"ఫోన్లో నాన్న పేరు కింద ఉన్నదంతా నిజమనుకుని మందిస్తారు. ఆయన నాన్న మొహం సూడరు. ఆ నంబరే నాన్న."

"తప్పేనే. బావని బతికించుకోడానికి నా ఒళ్ళు కోసియ్యమన్నా ఇస్తాను. ఒక గారెముక్క కోసం ఇలగ సేసాను. పద, వచ్చి కాళ్ళట్టుకుంటాను."

"నాన్న కాళ్ళు తర్వాత. వస్తా వస్తా డాక్టరుగారితో మాట్లాడాను. ఆ చుక్కలు నాన్నవి కాకపోవచ్చని సెప్పీసాను. పాత మందే ఏసుకోమన్నారు. రేపొకసారి సూపించమన్నారు."

"మరింకేటి? గండం గడిచినట్టే. ఇంక ఏ పెళ్ళికెళ్ళినా బావ ఇస్తరాకు పక్కన నేనే కాపలా."

"గడవలేదు. కూకో."

"నిలబడే వింటాను సెప్పు. అన్నట్టు ఒక్కటి అర్థమవలేదే. నా చుక్కెడితే నంబరు తగ్గాల. నంబరు తగ్గితే మందు తగ్గించాల. ఆ డాక్టరు తిరగేసి పెంచాడేటి?"

"తగ్గలేదు మావయ్యా. నువ్వు వేలు పెట్టిన రోజల్లా మూడొందలు దాటింది. నాన్న సంగతి రేపు సూద్దాం, ముందు ఆ వేలెవరిదో ఆయన్ని బేగి తీసుకురమ్మన్నారు."