నూట పద్నాలుగో నంబరు

మంగళవారం సాయంత్రం. ప్రత్తిపాడులో ఒక ఇల్లు, గుంటూరులో ఒక ఆసుపత్రి, మధ్య ఫోను.

"ఇదే చివరి ఫోనండీ రహమతున్నీసా గారూ. ఈ వారంతో మందు పరీక్ష అయిపోయినట్టే."

"అయిపోవటమేంటి మహిమమ్మా? నిన్నగాక మొన్న మొదలెట్టినట్టుంది."

"ఏడాదిన్నరండీ. ఏడాది మీతో ఆ మందు పీల్పించాం, ఆపేసి ఆర్నెల్లు చూశాం. చెప్పండి, ఈ వారం ఆయాసం ఎన్నిసార్లు వచ్చింది?"

"రాలేదు."

"దగ్గుతో నిద్ర లేచారా?"

"లేదు. వచ్చే మంగళవారం ఇంకెవరన్నా చేస్తారా?"

"ఎవరూ చెయ్యరండీ. పిల్లికూతలు?"

"లేవు. నువ్వు ఊరికే చెయ్యొచ్చుగా? ఈ ప్రశ్నలే అడుగు. ఈ వేళకి వంట ముగించుకుని కూర్చుంటాను."

"చూద్దాంలెండి. అసలు మీ గొంతే చెబుతోంది. మొదట్లో ఫోనులో కూడా కూతలు వినపడేవి నాకు. మందు ఆపినా తిరగబెట్టలేదని డాక్టరు గారు ఎంత సంబరపడ్డారో! విదేశీ కంపెనీవాళ్ళ మీటింగులో మీ రిపోర్టే చూపించారట. నూట పద్నాలుగో నంబరు మీది."

"మరి ఆ మందు ఇక్కడ షాపుల్లో దొరుకుద్దా? మాతో మిరపకాయల తొడిమలు తీసేవాళ్ళలో సగం మందికి ఆయాసమే."

"ముందు వాళ్ళ దేశాల్లో అమ్ముతారు. ఇక్కడికి... ఎప్పటికో. వచ్చినా మనం కొనేది కాదులెండి."

"మేం తొడిమలు తీసిన కాయలు కూడా అక్కడికే పోతాయంట."

"గురువారం వాళ్ళే వస్తున్నారు. మిమ్మల్ని చూస్తారట. ఆటో పంపిస్తాను. ఊపిరి పరీక్ష గొట్టం ఒక్కసారి ఊదితే చాలు."

"నేనెందుకులే."

"అరగంట పనండీ."

"ఒంట్లో బాగాలేదు."

"ఇప్పుడేగా ఏమీ లేదన్నారు?"

"మహిమా... నువ్వు ఇంటికొస్తావనుకున్నానే. వస్తే నీకే తెలిసేది."

"నెలకోసారి రావాలి నిజానికి. కుదరక అన్నీ ఫోనులోనే రాసేసుకున్నాను. ఏం తెలిసేది?"

"రహమతున్నీసా లేదమ్మా. మందు ఆపిన రెండో నెల్లోనే పోయింది. తొడిమలు తీస్తా తీస్తా కాయల కుప్ప మీదే వాలిపోయింది."

"ఏంటి? మరి మీరు..."

"దాని అక్కని. నా పేరు కరీమున్. అది చనిపోయిన వారమే నువ్వు ఫోను చేశావు. ఎలా ఉన్నారండీ అన్నావు. నన్నే అడిగావనుకున్నా, బాగానే ఉన్నానన్నా. తర్వాత చెబుదామంటే, చెబితే ఇంక చెయ్యవుగా."

"నాలుగు నెలలు! నాలుగు నెలలు మీ దగ్గు, మీ నిద్ర రాసుకున్నానా నేను?"

"అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. నాకు ఆయాసం లేదు."

"దేవుడా... రిపోర్టు వెళ్ళిపోయింది. నేను ఇంటికి రాలేదని తెలిస్తే నా ఉద్యోగం..."

"ఏడవమాక. ఏడుస్తున్నావా?"

"ఇది ఇంకెవరికన్నా చెప్పారా?"

"ఎవరున్నారని చెప్పటానికి?"

"అమ్మా, గురువారం మీరే రండి. గొట్టం మీరే ఊదండి. పేరడిగితే రహమతున్నీసా అనండి. డాక్టరు గారికి నంబరు తప్ప మొహాలు గుర్తుండవు. నేను పక్కనే ఉంటాను. ఆ తర్వాత కూడా ఫోను చేస్తాను, ఒట్టు."

"ప్రతి వారమా?"

"ప్రతి వారం."

"చేసి నన్నేమని పిలుస్తావు?"

"...రహమతున్నీసా గారూ అనే. లేకపోతే ఎవరి ముందన్నా నోరు జారతాను."

"సరే, ఆటో పంపించు. అయితే పోయింది కరీమున్ అన్నమాట."